మూన్‌కేక్ ఎన్ని ముక్కలు కోయాలి

ప్రశ్న: అక్కా, మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇద్దరు పిల్లలు. పెద్దది అమ్మాయి, పదకొండేళ్ళు. 2017లో, దానికి రెండున్నరేళ్ళప్పుడు, చైనాలోని గ్వాంగ్షీ నుంచి దత్తత తెచ్చుకున్నాం. మరుసటేడు బాబు పుట్టాడు. పాపకు తన మూలాలు తెలియాలని ఏటా చైనా వాళ్ళ చంద్రుడి పండగ చేస్తున్నాం. చిన్నప్పుడు సరదాగానే ఉండేది. పోయినేడాది కాస్త ఘనంగా చేద్దామని ఇరవై మందిని పిలిచాను. ఎర్ర పట్టు చైనీస్ డ్రెస్సు కొన్నాను, ఇల్లంతా లాంతర్లు కట్టాను, పిల్లలకి ఎర్ర కవర్లలో డబ్బులు పెట్టిచ్చాను. రెండు చైనీస్ కుటుంబాలు కూడా వచ్చాయి, వాళ్ళు దానితో చైనీస్‌లో మాట్లాడారు కూడా పాపం. సగంలో లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. రాత్రి అడిగితే "ఇది నా పండగా కాదు, మీ పండగా కాదు, మరి ఎవరి కోసం చేస్తున్నారు?" అంది. ఈసారి అమలాపురం నుంచి మా అత్తగారు కూడా వస్తున్నారు. ఆవిడ గుడ్డు ముట్టరు. "మన పండగలకే దిక్కు లేదు, వాళ్ళవి కూడా ఎందుకే" అంటున్నారు. మావారు మానేద్దాం అంటున్నారు. నాకేమో మానడానికి మనసొప్పడం లేదు, చేస్తే మళ్ళీ ఏమవుతుందోనని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మానకండి. కాకపోతే పోయినేడాది చేసినట్టు మాత్రం చేయకండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి డ్రెస్సు, లాంతర్లు, ఇరవై మంది దగ్గర ఆగాను. రెండోసారి చదివినప్పుడు దొరికింది అసలు సంగతి, మీరు మధ్యలో అలా అనేసి వెళ్ళిపోయిన మాటలో: "చైనీస్‌లో మాట్లాడారు కూడా పాపం." ఆ పాపం వాళ్ళకి కాదండీ, మీ అమ్మాయికి. ఒక్క నిమిషం ఆ పిల్ల నిలబడ్డ చోట నిలబడి చూడండి. ఇరవై మంది మధ్య ఎర్ర పట్టు బట్టల్లో ఉంది, చూడగానే అందరికీ "ఇవాళ్టి పండగ ఈ పిల్లదే" అని తెలిసిపోతోంది, ఇంతలో ఒక ఆంటీ వచ్చి నవ్వుతూ ఏదో అడిగింది, దానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మన పిల్లలకి కూడా అమెరికా నుంచి ఊరెళ్ళినప్పుడు ఇలాగే అవుతుంది, పెద్దమ్మ ఏదో అడిగితే నీళ్ళు నములుతారు, కానీ పక్కన అమ్మ ఉంటుంది, అందుకుని చెప్పేస్తుంది. మీ పిల్ల మీ వైపు తిరిగి చూస్తే మీకూ రాదు. ఆ ఆంటీ చెడ్డ మనసుతో అడిగి ఉండదు, "అయ్యో, రాదా" అని జాలిపడి కూడా ఉంటుంది. ఆ జాలికే తలుపేసుకుని ఉంటుందని నా అనుమానం.

ఇంకొకటి. గ్వాంగ్షీ అంటే బీజింగ్ కాదు. అక్కడ జువాంగ్ అనే జాతి వాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళ భాష వేరు. తూర్పు వైపు కాంటనీస్ మాట్లాడతారు, గుయిలిన్ ఊరి వైపు మాట్లాడే చైనీస్ యాస ఇంకో రకం. రెండున్నరేళ్ళ వరకూ మీ పాప చెవిన పడ్డ మాటలు ఏ భాషవో మనకు తెలీదు. పోయినేడాది వచ్చిన వాళ్ళు మాట్లాడింది ఆ భాషే అవ్వాలని లేదు. కాకినాడలో పుట్టిన పిల్లని మీరట్ వాళ్ళ ముందు కూర్చోబెట్టి "మాట్లాడమ్మా, మీ వాళ్ళే" అంటే ఎలా ఉంటుంది?

డ్రెస్సు సంగతి కూడా చెప్పేస్తాను, కోపం తెచ్చుకోకండి. ఎర్ర కవర్లలో డబ్బులు పెట్టి ఇచ్చేది వాళ్ళ కొత్త సంవత్సరానికి. ఇల్లంతా ఎర్రగా ముస్తాబు చేసేది కూడా ఎక్కువగా అప్పుడే. చంద్రుడి పండక్కి పిల్లలు లాంతర్లు పట్టుకుని తిరగడం ఉంది, ముఖ్యంగా దక్షిణాన, కాబట్టి అది సరే. మిగతాదంతా దసరాకి గొబ్బెమ్మలు పెట్టి, భోగిపళ్ళు పోసి, పైన ఉగాది పచ్చడి పంచినట్టు అయింది. మీ తప్పేం లేదు, షాపులో "చైనీస్" అని రాసి ఉన్న అరలో అన్నీ కలిపే అమ్ముతారు. కానీ పదకొండేళ్ళ పిల్ల, క్లాసులో చైనీస్ పిల్లలు ఉండే ఉంటారు, వాళ్ళ ఇళ్ళలో ఏం చేస్తారో వింటూనే ఉంటుంది. మన ఇంట్లో చేసేది షాపులోంచి వచ్చిందని దానికి తెలుసు. అందుకే ఆ ప్రశ్న అడిగింది. నిజానికి చాలా తెలివైన ప్రశ్న.

ఎవరి కోసం చేస్తున్నారు? పోయినేడాది లెక్కన చూస్తే దాని కోసమే చేశారు. అదే ఇబ్బంది. మన ఇళ్ళలో వినాయక చవితి ఎలా జరుగుతుందో గుర్తు చేసుకోండి. "ఏమ్మా, ఈ ఏడాది నీకు వినాయక చవితి కావాలా" అని పిల్లల్ని ఎవరైనా అడుగుతారా? పొద్దున్నే లేపి తలంటి పోస్తారు, పత్రి తెమ్మంటారు, పిల్లలు గొణుక్కుంటారు, ఒకడు కథ మధ్యలో నిద్రపోతాడు, ఉండ్రాళ్ళ వేళకి అందరూ వచ్చేస్తారు. ఎవరికీ ఏమీ ప్రత్యేకంగా అనిపించదు, అందుకే అది ఇంటి పండగ. మీరేమో మీ పాపని పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి పీట మీద కూర్చోబెట్టారు. ఈసారి పీట తీసేయండి. ఆ రోజు ఇంట్లో అందరికీ పని ఉండాలి, అందరూ తినాలి, పాప కూడా అందరిలో ఒకత్తె. "ఎవరి కోసం" అని మళ్ళీ అడిగితే సూటిగా చెప్పండి: మన కోసం, నువ్వు వచ్చాక ఇది మన ఇంటి పండగ అయింది, నేను మానను, నీకు రావాలనిపించినంతసేపు రా. ఇంతకంటే ఉపన్యాసం వద్దు.

ఈ ఏడాది అది సెప్టెంబరు 25, శుక్రవారం. మర్నాడు బడి లేదు, హాయి. వాళ్ళ పంచాంగం ప్రకారం ఎనిమిదో నెల పదిహేనో రోజు, అంటే పున్నమి. మన పంచాంగం తీస్తే చాలా ఏళ్ళు అది భాద్రపద పౌర్ణమే అవుతుంది. ఎందుకంటే ఇద్దరివీ చంద్రుణ్ణి బట్టి లెక్కపెట్టే నెలలే, మనకు అధిక మాసం ఉన్నట్టే వాళ్ళకూ ఉంది. అప్పుడప్పుడూ ఆ అధిక మాసం వాళ్ళకో ఏడాది మనకో ఏడాది పడుతుంది, అప్పుడు తేడా వస్తుంది. పోయినేడాది వాళ్ళకి అధిక మాసం వచ్చింది, అందుకే పండగ అక్టోబరు 6 దాకా జరిగింది, మన దసరా వెళ్ళిన నాలుగు రోజులకి. ఈ ఏడాది జ్యేష్ఠంలో మనకొచ్చింది, లెక్క మళ్ళీ సరిపోయింది. ఈ సంగతి మీ అత్తగారికి చెప్పండి. పంచాంగం చూసే మనిషైతే వెంటనే వేళ్ళ మీద లెక్కేస్తారు, సెప్టెంబరు 14న చవితి, 25న పున్నమి సరిహద్దు, ఆ తర్వాత మహాలయ పక్షం. "వాళ్ళ పండగ" అన్న మాటలో పదును అక్కడే సగం తగ్గుతుంది.

ఇందులో నాకు భలే నచ్చేది ఏంటంటే, చవితి నాడు చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలని మనం పిల్లల కళ్ళు మూసి లోపలికి లాక్కొస్తాం, పదకొండు రోజులయ్యాక ఈ పండక్కి అదే చంద్రుణ్ణి చూడటానికి వాకిట్లోకి తీసుకెళ్తాం. మీ పాప దీన్ని పట్టుకుని నానమ్మని ఏడిపించకుండా ఉండదు. ఏడిపించనివ్వండి. నానమ్మ దగ్గర ఇంకో సరుకు ఉంది, చంద్రుడిలో కుందేలు. శశాంకుడు అంటే కుందేలు మచ్చ ఉన్నవాడని మన వాళ్ళు ఎప్పుడో చెప్పారు. వాళ్ళ కథల్లోనూ అక్కడ కుందేలే, రోట్లో మందు దంచుతూ ఉంటుంది. 2013 డిసెంబరులో చైనా చంద్రుడి మీద దింపిన బండికి ఆ కుందేలు పేరే పెట్టారు, యూతూ అని. 2019లో చంద్రుడి ఆవలి వైపు దిగింది రెండో యూతూ. మన చంద్రయాన్ 2023లో దిగింది. మీ బాబుకి ఇది చాలు, వారం రోజులు ఇదే మాట్లాడతాడు.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఈ పోలికలన్నీ నానమ్మ కోసం. పాప దగ్గర "అది మన అట్లతద్ది లాంటిదేలే" అనకండి. దానిది అనుకునే ఒక్క పండగని కూడా మనదాంట్లో కలిపేస్తే దానికి మిగిలేదేంటి? పోలిక అదే కనిపెట్టి చెబితే సంతోషించండి.

ఇక కష్టమైన సంగతి. ఈ పండగ పేరుకి చంద్రుడిదే గానీ, వాళ్ళ మనసులో ఇది కుటుంబం అంతా కలుసుకునే రోజు. చంద్రుడు గుండ్రం, ఆ రోజు తినే మూన్‌కేకు గుండ్రం, బల్ల గుండ్రం, అందరూ ఒక చోట చేరితే బతుకూ గుండ్రం అని లెక్క. ఊరికి దూరంగా ఉద్యోగాలు చేసేవాళ్ళు ఆ రోజుకి ఇల్లు చేరాలని చూస్తారు, 2008 నుంచి చైనాలో ఆ రోజు ప్రభుత్వ సెలవు కూడా. ఇప్పుడు చెప్పండి, కన్నవాళ్ళెవరో తెలియని పిల్లకి ఏటా ఒకసారి "ఇవాళ కుటుంబం అంతా కలిసే రోజు" అని చెబుతున్నాం. ఆరేళ్ళప్పుడు అది కేకు పండగ. పదకొండేళ్ళకి ఆ మాట అర్థం అవుతుంది. మీ పాప ఆ రాత్రి మూగబోవడానికి ఇది కూడా కారణం కావచ్చు, బయటికి చెప్పకపోవచ్చు. అందుకని పండగలో ఆ బాధకి కూడా కాస్త చోటు ఉంచండి. నవ్వుతూనే ఉండాలని పట్టు పట్టకండి.

2024 సెప్టెంబరులో చైనా విదేశీయులకి పిల్లల్ని దత్తత ఇవ్వడం ఆపేసింది, బంధువుల పిల్లల్నో సవతి పిల్లల్నో తీసుకునే వాళ్ళకి తప్ప. 1992 నుంచి అప్పటిదాకా లక్షా అరవై వేల మందికి పైగా పిల్లలు అలా బయటికి వెళ్ళారు, అందులో సగం మంది దాకా అమెరికాకే వచ్చారు. ఈ వార్త మీ పాప కంట పడే ఉంటుంది. మీరు దాని ముందు ఎప్పుడైనా ఈ మాట ఎత్తారా? ఎత్తకపోతే పండక్కి ముందే ఒక రోజు, కారులో వెళ్తున్నప్పుడైతే ఇంకా మంచిది, ఎదురెదురుగా కూర్చోనక్కర్లేదు, అడగండి.

మాట్లాడేటప్పుడు తెలిసింది మాత్రమే చెప్పండి. "మీ అమ్మ నిన్ను ఎంతో ప్రేమించింది, అందుకే వదులుకుంది" అని చాలామంది చెబుతారు, మంచి మనసుతోనే. కానీ ఆవిడ మనసు మనకేం తెలుసు? పైగా ప్రేమిస్తే వదిలేస్తారన్నమాట అని పిల్ల దాన్ని మీ ప్రేమకీ అంటించుకుంటే? ఒక్క సంతానం చట్టం వల్లే అని తేల్చేయడం కూడా వద్దు. మీ పాప పుట్టేనాటికి అది అమల్లోనే ఉంది, 2016 జనవరి నుంచి ఇద్దరిని కనొచ్చని మార్చారు. కానీ డబ్బు లేక, బిడ్డకి జబ్బు చేసి ఆసుపత్రి ఖర్చు భరించలేక, ఆడపిల్లని, పెళ్ళి కాలేదని, ఇలా ఏ కారణమైనా ఉండొచ్చు. బిడ్డని వదిలేయడం అక్కడ నేరం కాబట్టి వదిలినవాళ్ళు చిరునామా పెట్టి వెళ్ళరు. మీ దగ్గర ఉన్న ఫైలులో ఏముందో, ఎక్కడ దొరికిందని రాశారో, ఏ తేదీ రాశారో, అంతే చెప్పండి. అడిగితే కాగితం చూపించండి. మిగతాది "తెలీదమ్మా, నాకూ తెలుసుకోవాలని ఉంది" అంటే చాలు.

ఇంకో మాట కూడా రాకుండా చూడండి. వాకిట్లో నిలబడి చంద్రుణ్ణి చూస్తూ ఎవరో ఒకరు అంటారు, "మీ అమ్మ కూడా ఇప్పుడు ఇదే చంద్రుణ్ణి చూస్తూ ఉంటుందమ్మా" అని. వినడానికి ఎంత బాగుందో! కానీ న్యూజెర్సీలో శుక్రవారం రాత్రి ఎనిమిదైతే గ్వాంగ్షీలో శనివారం పొద్దున ఎనిమిది. అక్కడ చంద్రుడు అస్తమించేశాడు, ఆవిడెవరో ఈపాటికి పనిలోకి వెళ్ళి ఉంటుంది. మీ పాపకి ఫోనులో టైము చూడటం వచ్చు. ఇలాంటి తియ్యటి అబద్ధం ఒకటి పట్టుకుందంటే మీరు చెప్పే నిజాల మీద కూడా అనుమానం వస్తుంది.

మీ అత్తగారి నోట వచ్చే అవకాశం ఉన్న మాట వేరే ఉంది. "ఏ జన్మలో పుణ్యం చేసుకుందో, మీ ఇంటికి వచ్చి పడింది." మన వాళ్ళంతా అనే మాటే, పొగడ్త అనుకునే అంటారు. ఆ పిల్ల చెవికి మాత్రం, నీకు ఏ హక్కూ లేదు, నీకు దక్కింది దానం, జీవితాంతం కృతజ్ఞతగా పడి ఉండు అని వినిపిస్తుంది. మీ బాబుని ఎవరూ అలా అనరు కదా, వాడూ మీ ఇంట్లోనే పుట్టాడుగా. ఈ సంగతి ఆవిడకి మీరు చెప్పకండి, కోడలు చెబితే ఇంకో గొడవ. మీవారు చెప్పాలి, కొడుకు కాబట్టి, అదీ విమానం దిగిన మొదటి వారంలోనే. మానేద్దాం అనడం తేలికే, ఈ పని ఆయనకి అప్పజెప్పండి. అలాగే యశోద పోలిక. మన వాళ్ళకి దత్తత అనగానే యశోదే గుర్తొస్తుంది, పెంచిన తల్లిని పొగడటానికి. ఆ కథలో దేవకి కూడా ఉంది, కొడుకు పెద్దయ్యాక వెళ్ళి ఆవిణ్ణి చూశాడు కూడా. యశోద పేరు ఎత్తేవాళ్ళు ఆ సగం ఎప్పుడూ చెప్పరు, పిల్ల మాత్రం ఆ సగం గురించే ఆలోచిస్తుంది.

కథ అంటే గుర్తొచ్చింది, ఈ పండగ కథ చెప్పండి. పుస్తకంలోంచి చదవకుండా మీ మాటల్లో, తెలుగులోనే చెప్పండి. హౌ యీ అనే విలుకాడు, ఆకాశంలో పది మంది సూర్యులుండి లోకం మాడిపోతుంటే తొమ్మిది మందిని కొట్టేశాడు. బహుమానంగా అమృతం లాంటి మందు దొరికింది. అతని పెళ్ళాం చాంగ్అ దాన్ని తాగి తేలిపోయి చంద్రుడి మీదికి వెళ్ళిపోయింది. ఎందుకు తాగింది? ఒక కథలో దొంగతనంగా, ఆశపడి తాగింది. ఇంకో కథలో ఒక దుర్మార్గుడు కత్తి పట్టుకుని ఇంట్లో జొరబడితే, వాడి చేతికి చిక్కకూడదని తాగేసింది. ఇక్కడ మిగిలిన మొగుడు ఏటా ఆవిడకి ఇష్టమైనవన్నీ వాకిట్లో చంద్రుడి ముందు పెట్టాడు. రెండు రకాలూ చెప్పండి, ఏది నిజమని తేల్చకండి. ఒకావిడ వెళ్ళిపోయింది, ఎందుకు వెళ్ళిందో చెప్పేవాళ్ళు రకరకాలుగా చెబుతున్నారు, ఇక్కడ ఉన్నవాళ్ళు ఆవిడకి ఇష్టమైన తిండి పెట్టి ఉంచారు. మీ పాప ఏమైనా అడిగితే అప్పుడు మాట్లాడండి, అడగకపోతే కథ కథగానే వదిలేయండి.

వంట దగ్గరికి వద్దాం, అత్తగారి సమస్య అక్కడే ఉంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మన కిరాణా షాపులకి ఎంతో దూరం లేకుండానే చైనీస్ సూపర్‌మార్కెట్లు ఉంటాయి, పండక్కి చాలా ముందే మూన్‌కేకుల డబ్బాలు వచ్చేస్తాయి. గ్వాంగ్షీలో ఎక్కువగా తినేది కాంటనీస్ రకం, పైన పల్చటి గోధుమరంగు పెంకు, దాని మీద అచ్చు, లోపల తామర గింజల పూర్ణం, నడిమధ్య ఉప్పులో ఊరిన బాతుగుడ్డు సొన. ఆ సొనే చంద్రుడు. డబ్బా వెనక రాసింది చదవకుండా కొనకండి, కొన్నిటిలో పంది కొవ్వు కూడా వేస్తారు, తర్వాత తెలిస్తే మీ ఇంట్లో నిజంగానే యుద్ధం అవుతుంది. ఒకటి సొన ఉన్నది పిల్లల కోసం కొనండి, వేరే కత్తి, వేరే పళ్ళెం పెట్టండి. నానమ్మ కోసం ఇంట్లో చేయొచ్చు. హాంకాంగ్ వాళ్ళది ఒక రకం ఉంది, కాల్చక్కర్లేదు. జిగురు బియ్యప్పిండి, మామూలు బియ్యప్పిండి, కాస్త వీట్ స్టార్చ్ (గోధుమ గంజిపొడి), పాలు, పంచదార, నూనె కలిపి ఆవిరి మీద ఉడికించి, చల్లారాక మెత్తగా మర్దించి, లోపల పూర్ణం పెట్టి చెక్క అచ్చులో నొక్కి ఫ్రిజ్‌లో పెట్టడమే. లోపల పెట్టేది ఎర్ర గింజల పూర్ణం, ఆ గింజలు మన బొబ్బర్లకి దాయాదులు. నానబెట్టి, కుక్కర్లో మెత్తగా ఉడికించి, పంచదార వేసి గరిటెకి అంటకుండా దగ్గరపడేదాకా తిప్పాలి. ఏళ్ళ తరబడి బూరెల పూర్ణం తిప్పిన చేతికి ఇదో లెక్కా? ఆ పని పూర్తిగా ఆవిడకి వదిలేయండి. మీరు వంటింట్లోకి వెళ్ళకండి, మనవరాల్ని పంపండి, అచ్చు నొక్కడానికి. ఇద్దరూ కలిసి చేసిన వాటిలో సగం వంకరగా వస్తాయి, పరవాలేదు.

కేకు కోసేటప్పుడు ఒక పద్ధతి ఉంది, నాకు ఈ పండగలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. పాత రోజుల్లో కేకు కోసే మనిషి ముందే ఇంట్లో వాళ్ళని లెక్కపెట్టుకునేది. ఇంట్లో ఉన్నవాళ్ళతో పాటు ఊళ్ళో లేనివాళ్ళని కూడా. ఎక్కువ కోయకూడదు, తక్కువ కోయకూడదు. రాలేకపోయిన మనిషికి కూడా ముక్క ఉంటుంది. ఈ పద్ధతి మీ బల్ల మీదికి తెచ్చుకోండి. కత్తి మీ పాప చేతికివ్వండి. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తుడిచి కోయమనండి, లేకపోతే పూర్ణం కత్తికి అతుక్కుని సొన చెదిరిపోతుంది, మొదటి ముక్క ఎలాగూ చెదురుతుంది. ఎంత మందికి అని లెక్కపెట్టమనండి. మీరు అయిదుగురు. మీ బాబు వెంటనే కాకినాడ తాతయ్య అంటాడు, హైదరాబాద్‌లో బాబాయి అంటాడు, ప్రాణం ఉంటే చాలనుకుని కుక్కపిల్లని కూడా లెక్కేస్తాడు. పాప ఇంకో ముక్క కోస్తుందేమో, కోయదేమో. కోస్తే ఎవరికి అని అడగకండి. అది చెబితే వినండి. మీరు ముందుగా "మీ అమ్మకి కూడా ఒకటి పెట్టమ్మా" అన్నారనుకోండి, అది మళ్ళీ మీరు రాసిచ్చిన డైలాగు అయిపోతుంది. రెండు మూడేళ్ళు కోయకపోయినా ఏం కాదు.

బాతుగుడ్డు, పంచదార, నూనె, చాలా బరువైన తిండి అది. సన్నటి ముక్కలే కోయాలి, పక్కన పాలు పోయని టీ పెట్టుకోవాలి. అరచేతిలో పట్టే ఒక్క కేకే ఎనిమిది మందికి సరిపోతుంది, అందుకని డబ్బాలు డబ్బాలు కొని వారం తర్వాత పారేయకండి.

ఎవరిని పిలవాలో పాపనే అడగండి. ఒక్క స్నేహితురాలు చాలంటే ఒక్కర్తినే పిలవండి. ఎవరూ వద్దంటే అదీ మంచిదే. చైనీస్ కుటుంబాలని మానేయక్కర్లేదు, వేరే రోజు మామూలుగా భోజనానికి పిలవండి, పండగ పరీక్ష కాకుండా. చైనా నుంచి వచ్చిన పిల్లల్ని పెంచుకునే కుటుంబాల సంఘాలు అమెరికాలో 1990ల నుంచీ ఉన్నాయి, అప్పటి పిల్లలు ఇప్పుడు ముప్ఫైల్లోకి వస్తున్నారు, వాళ్ళలో వాళ్ళు కలుసుకుంటూ ఉంటారు. మీరూ నేనూ చెప్పలేని మాటలు అలాంటి అక్క ఒకత్తె ఐస్‌క్రీం తింటూ చెప్పేస్తుంది. వెతకండి. భాష నేర్చుకుంటావా అని ఇప్పుడే అడగకండి, పోయినేడాది గాయం ఇంకా పచ్చిగా ఉంది. మీరే వారానికి గంట మొదలుపెట్టండి. అమ్మ తప్పులు పలుకుతుంటే పిల్లలకి అంతకంటే ఆనందం ఏముంటుంది?

బాబుని మర్చిపోకండి. "నాకూ చైనీస్ పేరు కావాలి" అనే వయసు వాడిది. అక్కకి ఏదో ఉంది, తనకి లేదు అనుకుంటాడు. వాడికి లాంతరు డ్యూటీ ఇవ్వండి.

మళ్ళీ సగంలో లేచి గదిలోకి వెళ్తే? వెళ్ళనివ్వండి. వెనకాలే వెళ్ళి తలుపు కొట్టకండి, నానమ్మని కూడా పంపకండి. మిగిలినవాళ్ళు వాకిట్లో కూర్చుని తినండి, నవ్వులు వినపడాలి. పళ్ళెంలో దాని ముక్క మీద గిన్నె బోర్లించి బల్ల మీద పెట్టండి. అర్ధరాత్రి వంటింట్లో లైటు వెలిగితే మీరు నిద్ర నటించండి.

ఇక పంపరపనస. పండక్కి ఇది ఉండాల్సిందే, వాళ్ళ భాషలో దాని పేరూ కాపాడమని కోరే మాటా ఒకేలా పలుకుతాయి. గ్వాంగ్షీలోనే రోంగ్ అనే చోటు ఉంది, శాతియెన్ అనే మేలురకం పంపరపనసకి పుట్టిల్లు అది. మీ పాప ఊరి వైపు పండు. కోనసీమ మనిషికి పంపరపనస గురించి మీరు చెప్పేదేముంది, పెరట్లో చెట్టు ఉండే ఉంటుంది. నాలుగైదు రోజులు ముందే కొని ఉంచండి, తొక్క కాస్త ముడత పడ్డాక తియ్యగా ఉంటుంది. పైన టోపీలా కోసి, చుట్టూ నిలువుగా గాట్లు పెట్టి, తామర రేకులు విప్పినట్టు తొక్క ఊడదీయడం మీ అత్తగారికి వచ్చే ఉంటుంది. తొక్క మాత్రం పారేయనివ్వకండి. అక్కడ పిల్లలు దాన్ని నెత్తిన బోర్లించుకుని తిరుగుతారు. మీవాడు చూశాడంటే తనకే కావాలంటాడు, రెండు పళ్ళు కొనండి.